రంజన్ నీళ్ళు

ఎలీశమ్మకు అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలు పలచగా ఉంటే పాలవాడి మీద అనుమానం; చిక్కగా ఉంటే, ఇంత చిక్కదనం ఎక్కణ్ణుంచి వచ్చిందని మళ్ళీ వాడి మీదే అనుమానం. గ్యాస్ బండ తెచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, బండను రెండు చేతులతో ఎత్తి చూస్తే గానీ లోపల పెట్టనివ్వదు. శక్తినగర్ కాలనీలో ఆమె క్వార్టరు ముందుకు రాగానే కూరగాయల బండ్లవాళ్ళు తమంతట తామే తక్కెడ ఎత్తి, ముల్లు సరిగ్గా ఉందని చూపించి, అప్పుడు బేరం మొదలుపెడతారు. భర్త ఇస్సాకు థర్మల్ స్టేషన్లో ఆపరేటరు, నెమ్మదస్తుడు. “నువ్వు పోలీసుల్లో చేరాల్సినదానివి, దారి తప్పి నా ఇంటికొచ్చావు” అంటూ ఉంటాడు. ఆ మాట వెనక ఇంకేమైనా ఉందా అని ఆమె ఓసారి ఆయన మొహంలోకి చూస్తుంది.

అలాంటి ఎలీశమ్మ తలుపు దగ్గర కూర్చునే ప్రార్థన మందిరంలోకి, నుదుట విభూతి రేఖలు పెట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి చాప మీద కూర్చుంటే ఇంకేమైనా ఉందా!

మందిరమంటే పెద్ద కట్టడమేం కాదు. కాలనీ గేటు దాటాక, బస్టాపు వెనకాల, ఒకప్పుడు సిమెంటు బస్తాలు దాచిన రేకుల షెడ్డు. ఆంధ్ర నుంచీ పాలమూరు వైపు నుంచీ ఉద్యోగాలకొచ్చిన కుటుంబాలు, రాయచూరు నుంచి బస్సెక్కి వచ్చే కొద్దిమంది, అంతే సంఘం. అందులో ఎలీశమ్మకు చెప్పుకోదగ్గ పదవి ఏదీ లేదు. కానీ ప్రభువు బల్లకు రొట్టె కాల్చేదీ, ద్రాక్షరసం తీసేదీ, బల్లగుడ్డ ఉతికి గంజి పెట్టేదీ, మూలనున్న రంజన్‌లో నీళ్ళు నింపేదీ ఆమే. మంచినీళ్ళు చల్లబడే మట్టికుండను ఇక్కడివాళ్ళు రంజన్ అంటారు. ప్రకాశం జిల్లా నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాట విని నవ్విన ఎలీశమ్మే, ఇప్పుడు పుట్టింటికి ఫోన్ చేసినా రంజన్ అనే అంటుంది. షెడ్డులో ఎండ పడని మూల ఒక్కటే కాబట్టి రంజన్ ప్రభువు బల్లను ఆనుకునే ఉంటుంది. బల్లకు కుట్టిన తెల్లగుడ్డలో మిగిలిన ముక్కతోనే దానికీ మూతగుడ్డ కుట్టింది, అంచుకు అదే నీలిదారం వేసి.

ఆ పెద్దమనిషి మొదటిసారి వచ్చిన రోజున ఎలీశమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేయలేదు. ఒక కన్ను మూసి రెండోది అతనికి కేటాయించింది. తెల్ల ధోవతి, ఇస్త్రీ లేని చొక్కా, నెరిసిన మీసం. మెడలో దారం కనిపిస్తోంది గానీ దానికేమున్నదో చొక్కా లోపల ఉంది. చెప్పుల పక్కన, అందరికంటే వెనక, గోడకు ఆనకుండా కూర్చున్నాడు. పాట పాడలేదు. చప్పట్లు కొట్టలేదు. కళ్ళు మాత్రం మూయకుండా పాస్టరునూ, బల్లనూ, కూర్చున్నవాళ్ళనూ చూస్తూనే ఉన్నాడు. ఆరాధన అయిపోగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

అతనెవరో ఆ సాయంత్రానికే తెలిసింది. చెప్పింది జయాబాయి. రాయచూరులో పుట్టి పెరిగిన మనిషి, తాతల కాలం నుంచీ క్రైస్తవులు. జిల్లాలో ఆమెకు తెలియని ఇంటిపేరు ఉండదు.

“గాయన యాపలదిన్ని హంపయ్య. జంగమాయన, ఊరికి అయ్యనోరు” అంది. “పెండ్లయినా, ఇల్లు కట్టినా ఆయన పాదం పడాల్సిందే. ఆయన కాళ్ళు కడిగిన నీళ్ళు తీర్థమని తాగుతరు ఎలీశక్కా. గసుంటోనికి మన రేకుల షెడ్ల ఏం పని? నాకైతే శక్ ఉంది.”

ఎలీశమ్మకు ఇంకొకరు అనుమానం అప్పు ఇవ్వాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. కానీ ఈసారి ఆమె నిజంగానే భయపడింది, దానికి కారణం ఉంది. కిందటేడు పక్క తాలూకాలో ఒక ప్రార్థన ఇంటికి ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. కొన్ని వారాలు బుద్ధిగా కూర్చుని పాటలు కూడా పాడారు. ఆ తర్వాత ఒక ఆదివారం జనాన్ని వెంటేసుకొచ్చి, ఇక్కడ బలవంతంగా మతం మారుస్తున్నారని గొడవ చేశారు. పోలీసులు పాస్టరును తీసుకెళ్ళి పొద్దంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. చివరికి ఏమీ లేదని వదిలేశారు గానీ ఆ ఇంటి తాళం మళ్ళీ తెరుచుకోలేదు. ఆ వార్త విన్నప్పుడే షెడ్డు ఓనరు సూగురేశ్ వచ్చి, “మీ దేవునితోని నాకు తకరారు లేదు, గొడవతోనే తకరారు” అని చెప్పి పోయాడు. ఇస్సాకు ఉద్యోగం చివరికొచ్చింది. రిటైరయ్యే ముందు ఆయన పేరు ఏ కేసులోనైనా పడితే ఎట్లా అన్నది ఎలీశమ్మ భయం. ఈ షెడ్డు పోతే ఈ ఎండల ఊళ్ళో తనకు తనదంటూ మిగిలేది ఏముంటుందన్నది అంతకంటే పెద్ద భయం.

పైగా ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ మనిషిని అంతకుముందే చూసింది. థర్మల్ స్టేషన్ బూడిద చెరువు దగ్గర కూలిపని చేసే తిప్పన్న, ఈ సంఘం మనిషే, చలికాలంలో చనిపోయాడు. అతని ఊరు యాపలదిన్నే. అక్కడ భూస్థాపన చేస్తున్నప్పుడు దూరంగా తుమ్మచెట్టు కింద ఒక తెల్లధోవతి మనిషి నిలబడి అందరినీ చూస్తూ ఉన్నాడు. ఆయనే ఈయన! అప్పట్నుంచే కనిపెడుతున్నాడన్నమాట అనుకుంది ఎలీశమ్మ. ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు రాలేదు.

అతను తర్వాతి ఆదివారమూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఎండ ముదిరింది. రాయచూరు ఎండంటే తెలిసిందే, పొద్దున ప్రార్థన మొదలయ్యేసరికే రేకులు కాలుతుంటాయి. ఆరాధన అయ్యాక అందరూ రంజన్ చుట్టూ మూగి, గ్లాసు తర్వాత గ్లాసు తాగుతారు. హంపయ్య మాత్రం లేవడు. పెదాలు తడుపుకుంటూ రంజన్ వైపు చూస్తాడు, మళ్ళీ తల దించుకుంటాడు. ఓ ఆదివారం ఎలీశమ్మ చూడలేక, పాపమని కాదు, సంగతేంటో తేల్చుకుందామని, గ్లాసు నిండా నీళ్ళు ముంచి తీసుకెళ్ళి అతని ముందు పెట్టింది. అతను కంగారుగా రెండు చేతులూ జోడించి, ఇంత వెనక్కి జరిగాడు.

“వద్దు తాయీ, వద్దు” అన్నాడు.

అంతే. ఎలీశమ్మ అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లాసు తీసుకుని వెనక్కి వచ్చి ఆ నీళ్ళు గుమ్మం బయట పారబోసింది. ఆ కాసేపటికే జయాబాయి బస్టాపు నుంచి పరుగున వచ్చి చెవిలో వేసింది. “చూసి వస్తాన ఎలీశక్కా. ఆడ నల్లా కింద తల వెట్టి గటగట తాగుతాండు! దాహం లేక కాదు. మన నీళ్ళు పనికి రావు, గంతే.”

 

ఎలీశమ్మకు చిన్నప్పటి వాకిలి ఒకటి కళ్ళముందు మెదిలింది. ఒంగోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో, వేసవి సెలవుల్లో నాయనతో పాటు ఆసాముల ఇంటికి పొగాకు పనికి పోయేది. దాహమేస్తే వాకిలి అవతల మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాలి. ఆ ఇంటావిడ చెంబు ఎత్తి పైనుంచి పోసేది. చెంబు చేతికి తగలకూడదు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి, గౌను తడిసిపోయేది. తాగడం అయిపోయాక నాయన ఆవిడకు దణ్ణం పెట్టేవాడు. నీళ్ళిచ్చినందుకు దణ్ణమెందుకని ఎలీశమ్మ ఒకసారి అడిగితే, “మన దేవుడి ఇంట్లో అందరికీ ఒకే గిన్నె అమ్మా. అందుకే మీ తాత అక్కడికి పోయాడు” అన్నాడు నాయన. ఆ ఒక్క మాట మీదే ఆమె విశ్వాసమంతా నిలబడి ఉంది. మిగతాదంతా తర్వాత నేర్చుకున్నదే.

ఇప్పుడు ఆ ఒకే గిన్నె ఇంట్లోకి వచ్చి కూర్చుని, ఆ గిన్నెలో నీళ్ళే వద్దనే మనిషి ఒకడు! వేగులవాడైనా క్షమించేదేమో గానీ దీన్ని మాత్రం ఆమె క్షమించదలుచుకోలేదు.

ఈస్టరుకు ఇంకా వారం ఉందనగా పాస్టరు యోహానప్ప సాయంత్రం వాళ్ళ క్వార్టరుకు వచ్చాడు. లింగసుగూరు వైపు మనిషి, బక్కపలచగా ఉంటాడు, పెద్దగా మాట్లాడితే ఎక్కడ ఎవరి మనసు నొస్తుందోనని గొంతు తగ్గించి మాట్లాడతాడు. టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా అసలు సంగతి చెప్పాడు.

“హంపయ్య గారు బాప్తిస్మం కావాలంటాండు.”

ఎలీశమ్మ చేతిలోని పళ్ళెం చప్పుడు చేసింది. “అనుకున్నాను! ఇదిగో, ఇక్కడికే వస్తుందని అనుకున్నాను. మీరు నీళ్ళలో ముంచుతుంటే గట్టు మీద ఎవడో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటాడు. మర్నాడు పోలీసులొస్తారు.”

“మతం మారాలంటే ముందుగాల సర్కారు ఆఫీసుల చెప్పుకోవాలని ఆయనకు ఎర్కే అమ్మా. నా ఇష్టంతోనే మారుతాన అని నేనే పోయి చెప్పుకుంట అన్నడు.”

“చూశారా! మనకు కూడా సరిగ్గా తెలియని సంగతి ఆయనకెట్టా తెలిసిందంట? పంపించినవాళ్ళు చెప్పి పంపి ఉంటారు.”

ఇస్సాకు నవ్వు ఆపుకున్నాడు. “ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద కూర్చుని, సమస్త జనాలూ రక్షణలోకి రావాలని ప్రార్థన చేసేది నువ్వే గదా?”

“రావాలని ప్రార్థన చేశాను. వచ్చిన ప్రతివాణ్ణీ నమ్ముతానని మాటివ్వలేదు.”

“అట్టా అంటే ఎట్టా? రక్షణ అందరికీ అంటే అందరికీ అనే గదా” అన్నాడు ఇస్సాకు.

“అందరికీనా?” ఆమె గొంతు మారింది. “మా నీళ్ళు తాగడు పాస్టరు గారూ. నేను నా చేత్తో గ్లాసు తీసుకెళ్ళి పెడితే పాముని చూసినట్టు వెనక్కి జరిగాడు. బస్టాపులో నల్లా కింద తలపెట్టి తాగుతాడంట. మా చేతి నీళ్ళు గొంతు దిగనివాడికి మా దేవుడు ఎట్టా దిగుతాడు? ఆయనగారిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, మమ్మల్ని మళ్ళీ వాకిట్లో నిలబెడతారా?”

 యోహానప్ప కూడా ఆ వాకిళ్ళన్నీ చూసినవాడే. టీ గ్లాసు కింద పెట్టాడు. “నీళ్ళ సంగతి నాకు ఎర్క లేదమ్మా. నిజమే అయితే ఆయన ఇంక తయారు కాలేదన్నట్టే. ఒక పని చేద్దాం. పండగ నాడు ప్రేమవిందు ఉంది గదా, నువ్వే వండు. నువ్వే ఆయనకు వడ్డించు. నీ చేతి కూడు తింటే బాప్తిస్మానికి దినం చూద్దాం. తినకుంటే, ఇంగ రావద్దని నేనే చెప్త.”

ఎలీశమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆమె మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది, విచారణ ఒక్కటే మిగిలింది.

అయినా ఆమె న్యాయం తప్పే మనిషి కాదు. సంఘమంతటికీ కోడికూర వండినా, హంపయ్య కోసం వేరే గిన్నెలో పప్పు, గుత్తివంకాయ చేసింది. మాంసం పెట్టి, తినలేదు చూశారా అనడం మోసమని ఆమె ఉద్దేశం. వాళ్ళ ఇళ్ళల్లో జొన్నరొట్టె తింటారని తెలిసి, జయాబాయి దగ్గర నేర్చుకున్న రొట్టెలు తెల్లవారకముందే లేచి తట్టింది. అవి గుండ్రంగా రాకపోతే మళ్ళీ తట్టింది. తినకూడదని కోరుకుంటున్న మనిషి కోసం అంత శ్రద్ధ ఎందుకో ఆమెకే అర్థం కాలేదు. ఆ హడావుడిలో గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా చీర మార్చుకుని మందిరానికి పరిగెత్తింది.

ఈస్టరు ఆరాధన బాగా జరిగింది. ఆ రోజు యోహానప్ప గొంతు ఎన్నడూ లేనంత పైకి లేచింది. లేచిన ప్రభువు ఒక ఇంటికో, ఒక ఊరికో, ఒక భాషకో లేవలేదని, లోకంలోని జనులందరికీ లేచాడని చెప్పాడు. కొందరు ఏడ్చారు. తర్వాత ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ తీసి, ఎప్పుడూ చెప్పే మాటే మళ్ళీ చెప్పాడు.

“బాప్తిస్మం తీసుకున్నోళ్ళే ముంగటికి రావాలె. తీసుకోనోళ్ళు దీన్ని ముట్టొద్దు. కూర్సోని ప్రార్థన చేసుకోండ్రి.”

వెనక హంపయ్య తల దించుకుని కూర్చున్నాడు. పండగ కావడంతో ఆరాధన చాలాసేపు సాగింది, మధ్యలో కరెంటు పోయింది. కరెంటు తయారయ్యే ఊళ్ళో కరెంటు పోవడమేంటని ఎవరో విసుక్కున్నారు. రేకుల కింద జనం ఉడికిపోయారు. ఎలీశమ్మ ఒక కన్ను అతని మీదే పెట్టి ఉంచింది. చొక్కా తడిసిపోయింది. మీసం మీద చెమట. ఒకటి రెండుసార్లు కళ్ళు మూసుకుని, తూలినట్టయి, నేలకు చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నాడు. అయినా రంజన్ వైపు రాలేదు. ఎంత పట్టుదల, ఎంత అహంకారం అనుకుంది ఆమె.

ప్రార్థన ముగిసింది. చాపలు జరిపి వరసగా విస్తళ్ళు వేశారు. విస్తళ్ళు ప్రభువు బల్ల దగ్గర నుంచే మొదలయ్యాయి, గంజిపెట్టిన తెల్లగుడ్డ మళ్ళీ బల్ల మీద కప్పి ఉంది. ఎలీశమ్మ కొంగు బిగించి, జొన్నరొట్టెలు, వంకాయకూర గిన్నె పట్టుకుని నేరుగా హంపయ్య ముందుకు వెళ్ళింది. అందరి కళ్ళూ తన వీపు మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు. యోహానప్ప కూడా కూర్చోకుండా నిలబడి చూస్తున్నాడు.

“రండి, పంక్తిలో కూర్చోండి” అంది.

హంపయ్య ఆమె వైపు చూశాడు, రొట్టెల వైపు చూశాడు. గొంతులో గుటక పడటం ఆమెకు కనిపించింది. లేచాడు. చేతులు జోడించాడు. తల అడ్డంగా ఊపి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

“చూసినవా?” అంది జయాబాయి, షెడ్డంతా వినిపించేట్టు.

యోహానప్ప మొహం వాడిపోయింది. మాట ప్రకారం తనే వెళ్ళి చెప్పడానికి అడుగు ముందుకేశాడు. ఎలీశమ్మ అడ్డం వచ్చింది. “మీరుండండి. ఈ ఒక్క మాటా నన్ను అననివ్వండి.” రొట్టెల గిన్నె కింద పెట్టి, రంజన్‌లో చెంబు ముంచి, ఇంకో చేత్తో గ్లాసు అందుకుని బయటికి వెళ్ళింది. చెంబెందుకంటే, ఈసారి ఆయన వద్దనగానే నీళ్ళు ఆయన కాళ్ళ ముందే పారబోయాలని. కాళ్ళు కడిగిన నీళ్ళకు అలవాటుపడ్డ మనిషి కదా!

అతను షెడ్డు పక్కన వేపచెట్టు నీడలో, చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. పెదాలు తెల్లగా పిడచకట్టి ఉన్నాయి.

“పెద్దాయనా” అంది ఎలీశమ్మ. “మీరు ఎందుకొస్తున్నారో, ఎవరు పంపితే వస్తున్నారో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. మా చేతి నీళ్ళు తాగరు, మా చేతి కూడు తినరు. మా బాప్తిస్మం మాత్రం కావాలి. మేము అంటరానివాళ్ళమైతే, మమ్మల్ని అంటుకున్న దేవుడు మీకు ఎట్టా పనికొస్తాడు? చెప్పండి. చెప్పి మీ ఊరికి పోండి.”

హంపయ్య ఆమె వైపు వింతగా చూశాడు. అతనికి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

“అయ్యయ్యో, అది కాదు తాయీ. నేనెట్ల ముట్టాలె? నాకింక కాలేదు గదా?”

“ఏం కాలేదు?”

“బాప్తిస్మం. బల్ల మీది గుడ్డ తీసినప్పుడల్లా మీ పాస్టరు చెప్తనే ఉన్నడు గదా, తీసుకోనోళ్ళు ముట్టొద్దని. ఆ నీళ్ళకుండ గూడ బల్ల పక్కనే ఉంది, అదే తెల్లగుడ్డ కప్పి ఉంది. ఇది గూడ దేవునిదే అనుకుంటి. కూడు గూడ ఆడికెల్లే వడ్డిస్తాండ్రి. మా దాంట్ల దీక్ష లేనోళ్ళని పంక్తిల కూర్సోనియ్యం తాయీ. ఎర్కలేక కూర్సున్నోళ్ళని నేనే ఎంతమందినో లేపి పంపిన. ఇక్కడ గూడ గట్లనే ఉంటదనుకున్న. నువ్వు గ్లాసు తెచ్చిస్తే భయమైంది. మీ దేవుని తాన దొంగతనంగా తాగినట్టైతదని.”

 గంజిపెట్టి ఇస్త్రీ చేసి తనే కప్పిన మూతగుడ్డ, దాని నీలిదారం అంచు ఎలీశమ్మకు కళ్ళముందు కనిపించాయి. అయినా ఆమె అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. “మరి తిప్పన్న భూస్థాపన నాడు దూరంగా నిలబడి ఎందుకు చూశారు?” అని అడిగింది, గొంతులో మునుపటి జోరు లేకుండా.

“తిప్పన్న మా ఊరోడే. చిన్నప్పటి సంది మా వాకిట్ల నిలబడి మాట్లాడెటోడు, లోపలికి ఎన్నడూ రాలే. మేం రానీయలే. వాన్ని మట్టిల పెట్టిననాడు పాస్టరు చెప్పిండు, ఈ దేవుడు ఎల్లరికీ వచ్చిండు, ఎవ్వరినీ వాకిట్ల నిలబెట్టడు అని. తిప్పన్న లోపలికి పోయిండు తాయీ. నేను బయట నిలబడ్డ.” అతను ఒక్కసారి ఆగి, నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. “అందరూ నా తాన ఆశీర్వాదం అడిగెటోళ్ళే. నీకేం కావాలె అని నన్ను ఎవ్వరూ అడగలే. ఎల్లరికీ అన్నడు గదా, అండ్ల నేను గూడ ఉన్ననేమో, అడిగి చూద్దామని వచ్చిన.”

ఎండలో నీళ్ళ చెంబు చల్లగా ఆమె అరచేతిని తాకుతోంది. లోపల ఎవరో అన్నం గరిటెతో గిన్నె అంచు కొట్టారు. హంపయ్య కళ్ళు చెంబు మీద పడ్డాయి. ఇక ఆపుకోలేక అడిగాడు.

“తాయీ, చెంబు ముట్టను. పైకెల్లి పోస్తవా? గట్ల తాగితే తప్పు లేదు గదా?”

అని వేపచెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టాడు.  చెంబు ఎక్కడ తగులుతుందోనని ఆ చేతుల్ని ఇంకా కొంచెం కిందికి దించాడు.

 చెంబు పట్టుకుని ఎలీశమ్మ నిలబడి ఉంది. కింద దోసిలి ఉంది. తను నిలబడిన చోటు ఎవరిదో, ఆ దోసిలి ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. ఆ చేతుల్లోంచి ఎన్ని నీళ్ళు కారిపోతాయో, మోచేతులు ఎట్లా తడుస్తాయో కూడా తెలుసు. తాగాక ఆయన తనకు దణ్ణం పెడతాడేమోనన్న ఆలోచన రాగానే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ దుఃఖం ఆమెకు ఎప్పటిలాగే కోపంగా బయటికొచ్చింది.

“లేవండి!” అని అరిచింది. “లేవండి ముందు. దించండి ఆ చేతులు. ఆ దోసిలి పట్టలేకే మా తాత ఈ దేవుడి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నా ముందర మీరు పడతారా? నేను పోస్తాననుకున్నారా?”

హంపయ్య బెదిరిపోయి లేచాడు. ఆమె గ్లాసు నింపి, అతని చేతిని పట్టుకుని, ఆ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. అతను అలవాటు కొద్దీ గ్లాసు ఎత్తి పైనుంచి నోట్లో పోసుకోబోయాడు.

“అట్టా కాదు. కరుచుకుని తాగండి” అంది.

అతను గ్లాసు పెదాలకు ఆనించి తాగాడు. అయిపోయాక ఆమె మళ్ళీ నింపింది. అదీ తాగాడు. ఇస్సాకు, యోహానప్ప, జయాబాయి తలుపు దగ్గర గుంపుగా నిలబడి చూస్తున్నారు. ఎలీశమ్మ అటు తిరిగింది.

“పాస్టరు గారూ, వచ్చే వారం నుంచి వివరంగా చెప్పండి. బల్ల వేరు, నీళ్ళు వేరు, అన్నం వేరు. రంజన్ మీది ఆ గుడ్డ నేను ఇవాళే తీసేస్తాను. ఏవండీ, మీరేంటి అట్టా చూస్తారు? బాప్తిస్మానికి కృష్ణలో నడుం లోతు నీళ్ళు ఎక్కడున్నాయో కనుక్కోండి. ఈ ఎండలకు అవీ ఎండిపోతే ఈ పెద్దాయన వానలదాకా పస్తులుండేట్టున్నాడు.”

జయాబాయి లోపలికి పోయి పంక్తిలో ఇంకో విస్తరి వేసింది.

హంపయ్య గ్లాసు కడుగుదామని చుట్టూ నీళ్ళ కోసం వెతుక్కుంటున్నాడు. ఎలీశమ్మ దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది. చెంబులో మిగిలిన నీళ్ళు అందులోనే పోసుకుని, అక్కడే నిలబడి, గటగటా తాగేసింది. అతన్ని కనిపెట్టే పనిలో పడి పొద్దున్నుంచీ తను కూడా ఒక్క చుక్క తాగలేదు.